నలుగురిలో ఒక్కరు అనగా నేమి?
(స్వతంత్ర ఘటనలు, పరతంత్ర ఘటనలు)

ఉట్నూరు నుండి ఆసిఫాబాదుకు పోవు అడవి దారిలో జైనూర్ కలదు. 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలో ఉండిన ఈ మండలము ఆ సంవత్సరము అక్టోబరు నుండి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో చేరినది. చుట్టుప్రక్కల గూడెములలో గోండులు, కోలాములు, పరధానులు నివసించుచున్నారు. మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ 1940 దశకములో నివసించి గోండుల జీవితమును పరిశీలించిన మార్లవాయి గ్రామము ఈ మండలములోనిదే. గోండు పిల్లలకు చదువు చెప్పుటకై ఉపాధ్యాయులను తయారుచేయు కేంద్రము 1943లో వెలసినదియు అక్కడనే.

మధ్య భారతమందలి గిరిజనులలో వలెనే ఈ ప్రాంతపు గోండులలోను ఒక జన్యువు వంశపారంపర్యముగా వచ్చుచున్నది. అది కొడవలికణ వ్యాధికి, అనగా వైద్యులు సికిల్ సెల్ అని పిలుచు వ్యాధికి, మూలము. ఆ వ్యాధి గల బిడ్డ పుట్టిన ఇంటికి వైద్యుడు ఒక మాట చెప్పును: “మీకు పుట్టు బిడ్డలలో నలుగురికి ఒక్కరికి ఈ జబ్బు వచ్చు అవకాశమున్నది.” ఆ మాట విన్న తల్లిదండ్రులు తమలో తాము లెక్క వేసికొందురు: ఆ ఒక్కరు వచ్చినారు కదా, ఇక పుట్టబోవు ముగ్గురును క్షేమమే. ఈ లెక్క తప్పు. చదువురాని వారు మాత్రమే చేయు తప్పు కూడ కాదు, పట్టభద్రులును చేయుదురు. ఎక్కడ తప్పినదో తెలియవలెనన్న సంభావ్యతా శాస్త్రములోని రెండు మాటలను, స్వతంత్ర ఘటనలు, పరతంత్ర ఘటనలు అనువానిని, చక్కగా గ్రహింపవలెను.

ఒక ముంతలో 10 చింతగింజలు వేసి, వానిలో 4 గింజలపై సున్నముతో చుక్క పెట్టుడు. కన్నులు మూసికొని ఒక గింజను తీసినచో అది చుక్కగింజ యగుటకు సంభావ్యత 4/10. అనగా సమానావకాశములు గల 10 ఫలితములలో మనకు కావలసినవి 4. ఇప్పుడు తీసిన గింజను మరల ముంతలో వేసి, బాగుగా కుదిపి, రెండవసారి తీయుడు. రెండవసారియు సంభావ్యత 4/10 మాత్రమే. మొదటిసారి ఏ గింజ వచ్చినదో ముంతకు జ్ఞాపకముండదు. ఇట్లు ఒక ఘటన జరిగినను జరుగకున్నను రెండవదాని సంభావ్యత మారకుండుటయే స్వాతంత్ర్యము. అట్టి ఘటనలు రెండును జరుగు సంభావ్యత వాని సంభావ్యతల లబ్ధము: 4/10 × 4/10, అనగా 4/25.

తీసిన గింజను తిరిగి వేయకున్నచో కథ మారును. మొదట చుక్కగింజ వచ్చినచో ముంతలో మిగిలినవి 9, వానిలో చుక్కవి 3. రెండవ సంభావ్యత 3/9. మొదట చుక్కలేని గింజ వచ్చినచో అది 4/9. మొదటి ఫలితమును బట్టి రెండవదాని సంభావ్యత మారుచున్నది గనుక ఇవి పరతంత్ర ఘటనలు. “మొదటిది జరిగినదని తెలిసినపుడు రెండవది జరుగు సంభావ్యత” అనుదానికి షరతు సంభావ్యత యని పేరు. పరతంత్ర ఘటనలలో గుణింపవలసినది దీనినే. రెండును చుక్కగింజలగుటకు సంభావ్యత 4/10 × 3/9, అనగా 2/15.

ఇచ్చట ఒక చిన్న చిక్కు కలదు; పాఠ్యపుస్తకములు దీనిని తరచుగా దాటివేయును. మొదట తీసిన గింజను చూడకుండ గుప్పిటలోనే మూసి ఉంచుకొని, తిరిగి వేయకుండ, రెండవ గింజను తీసినచో ఆ రెండవది చుక్కగింజ యగుటకు సంభావ్యత ఎంత? 3/9 అనవలెనా, 4/9 అనవలెనా? రెండు దారులను కలిపి లెక్కింపవలెను: 4/10 × 3/9 + 6/10 × 4/9 = 36/90, అనగా మరల 4/10. గింజ ముంతలో లేకపోవుట మాత్రముచే సంభావ్యత మారలేదు. గుప్పిట తెరచి చూచినపుడే మారినది. పారతంత్ర్యమన్నది ఒక వస్తువు మరియొక వస్తువును నెట్టుట వంటిది కాదు. ఒకదానిని గూర్చిన సమాచారము రెండవదానిని గూర్చి మనకు కొంత చెప్పుటయే. ఈ విషయము ముందు మరల అక్కరకు వచ్చును.

ఇక జన్యువు సంగతి. ఎర్ర రక్తకణములలో ప్రాణవాయువును మోయు పదార్థము హీమోగ్లోబిన్. కొడవలికణ వ్యాధిగ్రస్తులలో ఈ హీమోగ్లోబిన్, ప్రాణవాయువును విడిచిన పిమ్మట, ఒకదానికొకటి అంటుకొని బిరుసైన పోగులుగా ఏర్పడును. గుండ్రని కణము కొడవలి వలె వంగిపోవును. అట్టి కణములు సన్నని రక్తనాళములలో చిక్కుకొని తీవ్రమైన నొప్పులు కలిగించును. త్వరగా నశించుటచే రక్తహీనత కలుగును. 1910లో అమెరికాలో హెరిక్ అను వైద్యుడు ఈ వింత కణములను మొదట వర్ణించెను. 1949లో లైనస్ పౌలింగ్ ఈ దోషము హీమోగ్లోబిన్ అణువులోనే ఉన్నదని చూపెను. 1950 దశకములో ఇంగ్రామ్ ఆ అణువులోని ఒకే ఒక ఎమినో ఆమ్లము మారుటయే దీనికి కారణమని తేల్చెను. భారతదేశములో దీనిని మొదట గుర్తించినది 1952లో, నీలగిరి కొండల గిరిజనులలో.

ప్రతి మనిషికిని ఈ హీమోగ్లోబిన్ జన్యువులు రెండుండును, తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. రెండును మంచివైనచో ఏ చిక్కును లేదు. ఒకటి మాత్రమే చెడ్డదైనచో ఆ మనిషి వాహకుడు. సాధారణముగా అతడు ఆరోగ్యముగానే ఉండును, తాను వాహకుడనని అతనికే తెలియదు. రెండును చెడ్డవైనపుడే వ్యాధి. తల్లియు తండ్రియు వాహకులైనచో బిడ్డకు తల్లి చెడ్డ జన్యువునిచ్చు సంభావ్యత 1/2, తండ్రి ఇచ్చు సంభావ్యత 1/2. ఈ రెండు ఎంపికలకును పరస్పర సంబంధము లేదు గనుక గుణింపవచ్చును: 1/4. వైద్యుడు చెప్పిన “నలుగురిలో ఒక్కరు” ఇక్కడి నుండి వచ్చినదే. వాహకుడైన బిడ్డ పుట్టు సంభావ్యత 1/2, రెండును మంచి జన్యువులు గల బిడ్డ పుట్టు సంభావ్యత 1/4.

దీనిని తరగతిలో రెండు ముంతలతో చూపవచ్చును. ఒకటి తల్లి, ఒకటి తండ్రి. ఒక్కొక్కదానిలో ఒక చుక్కగింజ, ఒక చుక్కలేని గింజ. రెంటి నుండియు ఒక్కొక్క గింజను తీసినచో ఒక బిడ్డ. రెండును చుక్కగింజలైనచో వ్యాధి గల బిడ్డ. ఇప్పుడు అసలు ప్రశ్న: రెండవ బిడ్డ కొరకు చేయి పెట్టకముందు గింజలను తిరిగి ముంతలలో వేయవలెనా, వలదా? “ఒక్కరికి వచ్చినది గనుక ఇక రాదు” అనుకొను తల్లిదండ్రులు, తమకు తెలియకుండనే, గింజలను తిరిగి వేయలేదని భావించుచున్నారు. చెడ్డ జన్యువులు రెండును మొదటి బిడ్డతో వెడలిపోయి ముంతలలో మంచివే మిగిలినవని వారి ఊహ. ప్రకృతి అట్లు చేయదు. తండ్రి దేహములో కోట్లకొలది బీజకణములు పుట్టును, వానిలో సగము మంచివి, సగము చెడ్డవి. తల్లి విషయములోను ప్రతి అండము నాణెమును క్రొత్తగా ఎగురవేసినట్టిదే. కావున గింజలను తిరిగి వేయవలసినదే. రెండవ బిడ్డకు 1/4, మూడవ బిడ్డకు 1/4, పదవ బిడ్డకును 1/4.

ఇట్లయినచో నలుగురు బిడ్డలు గల ఇంట సరిగా ఒక్కరికే వ్యాధి ఉండు సంభావ్యత ఎంత? చాలమంది “తప్పక ఉండును” అందురు. లెక్క చూడుడు. ఏ ఒక్కరికిని వ్యాధి లేకుండు సంభావ్యత 3/4ను నాలుగు మారులు గుణించినది, అనగా 81/256. సరిగా ఒక్కరికే ఉండు సంభావ్యత 108/256. ఇద్దరికి ఉండుటకు 54/256, ముగ్గురికి 12/256, నలుగురికిని ఉండుటకు 1/256. ఇవన్నియు కూడినచో 256/256. అనగా నలుగురిలో సరిగా ఒక్కరను మాట సగము ఇండ్లలో కూడ నిజము కాదు. మూడింట ఒక వంతు ఇండ్లలో, తల్లిదండ్రులిద్దరును వాహకులే అయినను, వ్యాధి అసలు కనబడదు. నలువది మంది గల తరగతిలో ప్రతి విద్యార్థియు ముంతలతో నలుగురేసి బిడ్డల కుటుంబమును తయారుచేసినచో సుమారు 12, 13 కుటుంబములు వ్యాధి లేనివియు, 17 ఒక్క బిడ్డకు వ్యాధి గలవియు వచ్చునని ఎదురుచూడవచ్చును. ఇవి ఖచ్చితముగా రావు. రాకపోవుటయు పాఠములో భాగమే.

ఈ పొరపాటు జూదశాలలలోను ప్రసిద్ధము. 1913 ఆగష్టు 18న మాంటీకార్లోలో చక్రపు జూదము ఆడుచుండగా వరుసగా 26 మారులు నలుపే వచ్చినది. ఈసారి ఎరుపు తప్పదని ప్రతిమారు ఎరుపుపై పందెము కాసినవారు అపారమైన ధనమును పోగొట్టుకొనిరి. అష్టాచెమ్మలో నాలుగు గవ్వలు విసరువారు కూడ, చాలసేపు అష్ట పడకపోయినచో ఇప్పుడు పడి తీరునని గట్టిగా నమ్ముదురు. గవ్వకు రెండు ప్రక్కలును సమానము కాదు గనుక సంభావ్యత 1/2 కాకపోవచ్చును, అది వేరు సంగతి. కాని గవ్వకు జ్ఞాపకము లేదు.

బిడ్డ ఆడుదియగుటకును వ్యాధి గలదియగుటకును సంబంధమున్నదా? లేదు. ఈ జన్యువు 11వ క్రోమోసోముపై ఉన్నది. లింగమును నిర్ణయించునవి వేరు క్రోమోసోములు. కావున వాహకులైన దంపతులకు వ్యాధి గల ఆడబిడ్డ పుట్టు సంభావ్యత 1/2 × 1/4 = 1/8. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియని వర్ణాంధత విషయములో ఇట్లు గుణింపరాదు. దాని జన్యువు ఎక్స్ క్రోమోసోముపై ఉండుటచే మగవారిలో ఎక్కువగా, ఆడవారిలో అరుదుగా కనబడును. అచ్చట లింగము, వర్ణాంధత పరతంత్ర ఘటనలు.

ఇప్పుడు పెండ్లికి ఎదిగిన ఒక యువతిని ఊహింపుడు. ఆమె తమ్మునికి వ్యాధి ఉన్నది, ఆమె ఆరోగ్యవంతురాలు. ఆమె వాహకురాలగుటకు సంభావ్యత ఎంత? 1/2 అని చెప్పుట సహజము, కాని అది పుట్టుకకు ముందటి లెక్క. ఆమెకు వ్యాధి లేదని ఇప్పుడు తెలిసినది. నాలుగు సమానావకాశములలో వ్యాధి గల ఒకటి కొట్టివేయబడినది. మిగిలిన మూడింటిలో రెండు వాహకత్వమునవి. సమాధానము 2/3. ఒక సమాచారము చేరుటచే సంభావ్యత 1/2 నుండి 2/3కు మారినది. ఇదియే షరతు సంభావ్యత.

ఆమె ఏ బంధుత్వము లేని యువకుని వివాహమాడినదనుకొనుడు. లెక్క సులభమగుటకు ఆ సమాజములో పదిమందిలో ఒకరు వాహకులని భావింపుడు (జైనూరులో కొలిచిన సంఖ్య కాదిది, ఉదాహరణ మాత్రమే). వారి మొదటి బిడ్డకు వ్యాధి వచ్చు సంభావ్యత 2/3 × 1/10 × 1/4, అనగా 1/60. పరీక్షలో ఆ యువకుడు వాహకుడు కాదని తేలినచో అది సున్న యగును. వాహకుడని తేలినచో 1/6 అగును. ఒక్క రక్తపు చుక్క పరీక్షతో 1/60 అన్నది సున్నకో 1/6కో మారిపోవుచున్నది. 2023 జూలై 1న మధ్యప్రదేశములోని షహడోలులో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలింపవలెనని సంకల్పించి, గిరిజన ప్రాంతములలో 40 సంవత్సరముల లోపు వారు ఏడు కోట్ల మందికి రక్తపరీక్ష చేయ తలపెట్టినది. ఈ గుణకారములోని ఒక్కొక్క భిన్నమును ఊహ నుండి తెలివికి మార్చుటయే ఆ పరీక్షల పని.

పై లెక్కలో “బంధుత్వము లేని” అను మాట ఊరక వేసినది కాదు. భార్య వాహకురాలగుట, భర్త వాహకుడగుట స్వతంత్ర ఘటనలైనపుడే వానిని గుణింపవచ్చును: 1/10 × 1/10 = 1/100. గోండు సమాజములో నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల వారను సగలు కలవు. ఒకే సగవారు అన్నదమ్ముల వరుస. వారిలో వారికి వివాహము నిషిద్ధము. కాని మేనమామ బిడ్డ వేరు సగకు చెందును గనుక మేనరికము ఆచారములో ఉన్నది. తెలుగుదేశమున అనేక కులములలోను ఇది మామూలే. ఒక యువకుడు వాహకుడని తెలిసినదనుకొనుడు. అతని చెడ్డ జన్యువు తల్లివైపు నుండి వచ్చియుండు సంభావ్యత 1/2. అట్లు వచ్చినచో అది తాతదో అమ్మమ్మదో; అదే జన్యువు మేనమామకును చేరియుండు సంభావ్యత 1/2. మేనమామ నుండి అతని కూతురికి చేరు సంభావ్యత 1/2. మూడింటిని గుణించినచో 1/8. ఈ ఒక్క దారిననే 1/8; ఆమెకు ఇతర దారుల ద్వారా వచ్చుటను కూడ కలిపినచో సుమారు అయిదింట ఒక వంతు. కావున మేనరికపు దంపతులిద్దరును వాహకులగు సంభావ్యత 1/100 కాదు, సుమారు 1/50. రెట్టింపైనది.

రెట్టింపే కదా యని అనిపింపవచ్చును. ఇక్కడ గమనింపదగిన విశేషమేమన, జన్యువు ఎంత అరుదైనదో మేనరికపు తేడా అంత పెద్దది. వేయిమందిలో ఒకరు మాత్రమే వాహకులుగా ఉండు మరియొక వ్యాధిని తీసికొనుడు. బయటి సంబంధమైనచో భార్య వాహకురాలగు అవకాశము 1/1000. మేనమామ కూతురైనచో, భర్త వాహకుడని తెలిసిన పిమ్మట, 1/8కి పైమాట. నూరు రెట్లకు మించిన తేడా. కొడవలికణ జన్యువు ఒక సమాజములో విరివిగా ఉన్నపుడు, మేనరికమును మానుటకంటె పెండ్లికి ముందు ఇద్దరును రక్తపరీక్ష చేయించుకొనుటయే ఎక్కువ మేలు. బంధువు కానంత మాత్రమున అపాయము తొలగిపోదు.

బంధుత్వము లేకున్నను పారతంత్ర్యము మరియొక రూపమున దొంగచాటుగా ప్రవేశించును. ఒక ప్రాంతపు జనులలో ఇరువదింట ఒక వంతు ఒక సమాజము వారనియు, వారిలో పదింట ఒకరు వాహకులనియు, తక్కినవారిలో ఎవరును కారనియు అనుకొనుడు. ప్రాంతమంతటికి సగటు 1/200. ఈ సగటును తీసికొని 1/200 × 1/200 అని గుణించినచో నలువదివేల జంటలలో ఒకటి మాత్రమే అపాయములో ఉన్నట్లు తేలును. కాని వివాహములు సమాజము లోపలనే జరుగును. నిజమైన లెక్క 1/20 × 1/100, అనగా రెండువేలలో ఒకటి. ఇరువది రెట్లు! సగటులను చూచి ఆసుపత్రులు కట్టువారు ఈ గుణకారమును ఒకసారి చేసి చూచుట మంచిది.

ఇంతకు ముందు, బిడ్డలకు వ్యాధి వచ్చుట ఒకరిదొకరికి స్వతంత్రమని చెప్పబడినది. అందు ఒక షరతు దాగియున్నది: తల్లిదండ్రులిద్దరును వాహకులని ముందే తెలిసియుండవలెను. తెలియనిచో? పరీక్ష చేయించుకొనని, బంధుత్వము లేని దంపతులకు మొదటి బిడ్డ వ్యాధితో పుట్టు సంభావ్యత, పై ఉదాహరణలోని సంఖ్యలతో, 1/100 × 1/4 = 1/400. (వ్యాధి గల తల్లిదండ్రులను లెక్కలో చేర్చలేదు.) మొదటి బిడ్డకు వ్యాధి ఉన్నదని తేలిన పిమ్మట రెండవ బిడ్డ విషయములో సంభావ్యత 1/400 కాదు, ఒక్కసారిగా 1/4. నూరు రెట్లు పెరిగినది. మొదటి బిడ్డ రెండవ బిడ్డకు చేసినదేమియు లేదు. తల్లిదండ్రులను గూర్చి మనకు తెలియని సంగతిని తెలియజేసినది, అంతే. గుప్పిటలోని గింజను తెరచి చూచుట వంటిదే ఇది. ఒకే ఘటనలు తెలియనివారికి పరతంత్రములు, తెలిసినవారికి స్వతంత్రములు. ఆ తల్లిదండ్రుల ఊహకు పూర్తిగా విరుద్ధముగా, మొదటి బిడ్డ వ్యాధి రెండవ బిడ్డ అపాయమును తగ్గింపలేదు, అపాయము ఎంత గొప్పదో చూపినది.

ఉపాధ్యాయులు తరగతిలో తరచుగా ఎదుర్కొను మరియొక తికమకను ఇచ్చటనే తీర్చవచ్చును. పరస్పర విరుద్ధ ఘటనలనే విద్యార్థులు స్వతంత్ర ఘటనలనుకొందురు. ఒకదానితో ఒకటి కలియవు గనుక సంబంధము లేదని వారి భావము. ఒకే బిడ్డ విషయములో “వ్యాధి ఉండుట”, “రెండును మంచి జన్యువులే ఉండుట” పరస్పర విరుద్ధములు. మొదటిది జరిగినదని తెలిసినచో రెండవదాని సంభావ్యత 1/4 నుండి సున్నకు పడిపోవును. ఇంతకు మించిన పారతంత్ర్యము మరియొకటి ఉండదు. రెండును జరుగు సంభావ్యత సున్న; లబ్ధము మాత్రము 1/16.

ఇక విద్యార్థులకు ఒక లెక్క. తల్లి వ్యాధిగ్రస్తురాలు, తండ్రి వాహకుడో కాడో తెలియదు. ఆ సమాజములో పదింట ఒకరు వాహకులు, తండ్రికి వ్యాధి లేదు. వారికి పుట్టిన మొదటి బిడ్డకు వ్యాధి లేదని తేలినది. ఇప్పుడు తండ్రి వాహకుడగుటకు సంభావ్యత ఎంత? 20 మంది అట్టి తండ్రులను వరుసగా నిలబెట్టినట్లు ఊహించినచో వారిలో వాహకులు ఇద్దరు. వ్యాధి లేని బిడ్డ ఆ ఇద్దరిలో ఒకరికే పుట్టును, తక్కిన 18 మందికి తప్పక పుట్టును. కావున సమాధానము 1/19. రెండవ బిడ్డకును వ్యాధి లేకున్నచో అది ఎంతకు తగ్గునో, ఎందరు బిడ్డలు పుట్టినను ఎన్నటికి సున్న కాదేమో ఆలోచింపుడు.